మంచు పడని ఊళ్ళో మంచుదేశపు ఇల్లు

తెనాలిలో మా తమ్ముడు ఇల్లు కట్టుకుంటున్నాడు. కింద స్లాబు పడింది, పై అంతస్తు పిల్లర్లు లేస్తున్నాయి. పోయిన నెల ఒక రాత్రి వాట్సాప్‌లో త్రీడీ బొమ్మ ఒకటి పంపాడు. "అక్కా, ఎలివేషన్ ఫైనల్ చేశాం. స్కాండినేవియన్ స్టైల్. అచ్చం మీ ఊరి ఇళ్ళలాగా ఉంది కదా?" అని కింద మెసేజ్.

బొమ్మను పెద్దది చేసి చూశాను. నిటారుగా దిగే రెండు వాలుల కప్పు, చూరు అన్నదే లేదు. వీధి వైపు గోడలో సగానికి పైగా అద్దమే, నేల మొదలు కప్పు దాకా, సన్నటి నల్ల ఫ్రేముల్లో. మిగతా గోడకు చెక్కలా కనిపించే బొగ్గు రంగు షీటు. వాకిట్లో రెండు పైన్ చెట్లు. ఆకాశం మబ్బు పట్టి బూడిద రంగులో ఉంది. మా తమ్ముడి స్థలం పడమటి ముఖం. మే నెలలో సాయంత్రం నాలుగింటికి, ఆ అద్దం వెనక సోఫాలో అమ్మ కూర్చుంటే ఎలా ఉంటుందో తలుచుకోగానే నాకు టెన్షన్ మొదలైంది.

నేను స్వీడన్‌కి వచ్చి పన్నెండేళ్ళయింది. అయిదేళ్ళ కిందట ఉప్సాలాకి దగ్గర్లో వందేళ్ళ నాటి చెక్క ఇల్లు కొనుక్కున్నాం. ఎర్ర గోడలు, తెల్ల అంచులు, నిలువు పలకలు. ఆ ఇల్లంటే నాకు ప్రాణం. ఇన్నేళ్ళ వేసవి సెలవులూ దాని గోడల దగ్గరే గడిచిపోయాయి. కాబట్టి ఆ ఇళ్ళ మీద మోజు పడ్డవాళ్ళను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు, నేనూ ఆ మోజులో ఉన్నదాన్నే. కానీ తమ్ముడు పంపిన బొమ్మలో నేను రోజూ తాళం తీసే ఇల్లు కనబడలేదు. దాని ముఖం ఒక్కటీ కోసి తెచ్చి తెనాలి స్లాబుకి అతికించినట్టుంది. ఆ రాత్రి ఫోన్లో రెండు గంటలు వాదించుకున్నాం. అప్పుడు ఆవేశంలో సరిగ్గా చెప్పలేకపోయినవి ఇప్పుడు నిదానంగా రాస్తున్నాను. ఇలాంటి బొమ్మలు మా తమ్ముడి ఫోన్లో ఒక్కదాంట్లోనే లేవు. హైదరాబాద్‌లో 2018 ఆగస్టులో స్వీడన్ ఫర్నిచర్ కంపెనీ ఐకియా మన దేశంలో తన మొదటి స్టోర్ తెరిచింది. ఆ తర్వాతే మా బంధువుల నోళ్ళలో "స్కాండినేవియన్" అన్న మాట వినడం మొదలుపెట్టాను. మొదట సోఫాలకీ, అల్మారాలకీ వాడేవాళ్ళు. ఇప్పుడు ఇంటి ముందు గోడ దాకా వచ్చింది.

ముందు మా గోడ సంగతి చెబుతాను.

ఇల్లు కొన్న మొదటి ఏడాది, నాలుగు గోడల్లోకీ పడమటి గోడ బాగా ఉన్నట్టు కనిపించేది. నున్నగా, కొంచెం మెరుస్తూ ఉండేది. మిగతా మూడూ వెలిసిపోయి, చెయ్యి ఆనిస్తే అరచేతికి ఎర్రగా అంటుకునేవి. పక్కింటి పెద్దాయన ఒకరోజు కంచె దగ్గరికొచ్చి చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి, పడమటి గోడ కింది పలకలో గుచ్చి చూడమన్నాడు. గుచ్చాను. పలకలో సగానికి పైగా దిగిపోయింది, టీలో నానిన రస్కులో దిగినట్టు. పైన పెయింటు పొర మాత్రం చెక్కుచెదరలేదు. అదే మొనతో ఉత్తరపు గోడ మీద గుచ్చితే చుక్క గుర్తు పడింది, అంతే. వాన కొట్టేది పడమటి వైపే కదా అని, ముందు ఉన్నాయన ఆ ఒక్క గోడకి "గట్టి" ప్లాస్టిక్ పెయింటు వేయించాడట. పగుళ్ళలోంచి లోపలికి పోయిన నీళ్ళు ఆ పొర దాటి బయటికి రాలేక, చెక్కలోనే ఉండిపోయి కుళ్ళబెట్టాయి. పదకొండు పలకలు మార్చాల్సి వచ్చింది.

మిగతా మూడు గోడల్ని వందేళ్ళు కాపాడిన రంగు ఎలా కాస్తారో వింటే మన నాయనమ్మలకు వెంటనే అర్థమవుతుంది. పెద్ద గుండిగలో నీళ్ళు మరిగించి అందులో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) వేస్తారు. తర్వాత రై అనే గోధుమలాంటి ధాన్యం పిండి పోసి, గడ్డలు కట్టకుండా తిప్పుతూ జావలాగా కాస్తారు. దాంట్లో ఎర్ర మట్టి పొడి కలిపి మళ్ళీ కాస్తారు. చివర్లో అవిసె నూనె. ఇప్పుడు డబ్బాల్లో కూడా దొరుకుతుంది కానీ లోపల ఉండేది దాదాపు అదే. స్వీడిష్‌లో ఈ జాతి రంగుల పేరుకి అర్థం "బురద రంగు". అది చెక్క మీద పొర కట్టదు. గరుకు చెక్క సందుల్లో దూరి కూర్చుంటుంది. వాన పడితే చెక్క తడుస్తుంది, గాలి తగిలితే ఆరుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పెచ్చులు లేవదు, పొడిపొడిగా రాలుతుంది. అప్పుడు గట్టి బ్రష్‌తో దులిపి మళ్ళీ ఒక పూత వేస్తే చాలు. గోకడం లేదు, ప్రైమర్ లేదు. మా పాప ఎనిమిదేళ్ళప్పుడు ఒక గోడ కింది భాగమంతా తనే వేసింది.

ఆ ఎర్ర పొడి డాలర్నా ప్రాంతంలోని ఫాలూన్ రాగి గని నుంచి వస్తుంది. దాదాపు వెయ్యేళ్ళు నడిచిన గని అది. 17వ శతాబ్దంలో యూరప్ రాగిలో చాలా పెద్ద వాటా అక్కడిదే. 1687లో, మిడ్‌సమ్మర్ పండగ సెలవు రోజున, గని లోపలి గోడలూ కప్పులూ కూలి భూమి మీద పెద్ద గొయ్యి పడింది. పండగ కాబట్టి లోపల మనుషులు లేరు, ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ గొయ్యి అంచున నిలబడి చూశాను, ఇప్పటికీ కళ్ళు తిరిగేంత లోతు. 1992లో గని మూతపడింది, 2001లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. రాగి తక్కువని పక్కన పారబోసిన రాతి గుట్టలు వానకీ గాలికీ శతాబ్దాలపాటు నాని ఎర్ర మన్నుగా మారాయి. ఆ మన్నును కడిగి, కాల్చి, నూరి రంగు చేస్తారు. ఎంత వేడి మీద కాలిస్తే రంగు అంత ముదురుతుంది. 1764 నుంచి దాన్ని ఒక పరిశ్రమగా తయారుచేస్తూనే ఉన్నారు, గని మూతపడ్డాక కూడా. అంటే స్వీడన్ పల్లెల అందానికి గుర్తుగా ప్రపంచమంతా ఫోటోలు తీసుకునే ఆ ఎరుపు, ఒక గని చెత్తకుప్ప. చవకగా దొరికింది, చెక్కకు పట్టింది, అందుకే ఊళ్ళన్నీ వేసుకున్నాయి.

ఇక్కడ తమ్ముడు ఒక మంచి ప్రశ్న వేశాడు. "ఆ ఎరుపు కూడా మొదట్లో కాపీయే కదక్కా? నువ్వే చెప్పావు ఒకసారి." నిజమే. 16వ శతాబ్దంలో రాజులూ జమీందార్లూ ఇటుక కోటల్ని చూసి, తమ చెక్క భవనాలు కూడా ఇటుకలాగా కనిపించాలని ఎర్ర రంగు వేయించడం మొదలుపెట్టారు. మామూలు రైతు ఇళ్ళకు అది వచ్చేసరికి 18, 19 శతాబ్దాలయ్యాయి. పై నుంచి కిందికి దిగిన డాంబికమే, నేను కాదనను. నార్వేలో తెల్ల రంగు ఖరీదుగా ఉన్న రోజుల్లో రోడ్డు వైపు గోడకి మాత్రం తెలుపు వేసి, వెనక గోడల్ని ఎరుపుతోనే వదిలేసేవాళ్ళని చెబుతారు. ఎలివేషన్ మీద మోజు మనకొక్కళ్ళకే పట్టిన రోగం కాదన్నమాట. కానీ ఇటుకను అనుకరించడానికి వచ్చిన రంగు, ఇటుక ఫ్యాషన్ పోయాక కూడా ఎందుకు మిగిలింది? చెక్కకు మేలు చేసింది కాబట్టి. మేలు చేయకపోతే రెండు తరాల్లో గోడలు కుళ్ళి, రంగూ పోయేది, దాన్ని మెచ్చుకునే ఇళ్ళూ పోయేవి. తమ్ముడి ఇంటి బొగ్గు రంగు షీటుకి నేను పెట్టేది ఆ పరీక్షే. అది వెనకున్న ఇటుక గోడకి ఏం మేలు చేస్తుంది? ఎండను పీల్చుకుని గోడకు అందిస్తుంది. సాయంత్రం ఏడు దాటినా గోడ చల్లారదు.

నిలువు పలకల గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే బొమ్మలో తమ్ముడికి అన్నిటికంటే నచ్చింది అదే. మా గోడ పలకలు రెండు వరసలు. లోపలి వరసలో పలకకీ పలకకీ మధ్య సందు ఉంటుంది, ఆ సందును మూస్తూ పై వరస. మేకు కొట్టేటప్పుడు ఒక్క పలకలోంచే దిగాలి, రెండింటినీ కలిపి బిగించకూడదు. ఆరినప్పుడు చెక్క ముడుచుకుంటుంది, తేమకి ఉబ్బుతుంది, రెంటినీ బిగిస్తే చీలిపోతుంది. పలక బిగించేటప్పుడు చెట్టు నడిమి చేవ వైపు బయటికి వచ్చేలా పెడతారు. కింది అంచును ఏటవాలుగా కోస్తారు, చినుకు చివర దాకా జారి టప్పున కింద పడాలి, వెనక్కి పాకకూడదు. నేల నుంచి కనీసం అడుగు ఎత్తు వదులుతారు, పడిన వాన చిందినా తగలకుండా. ఇవన్నీ ఆ పదకొండు పలకలు మార్చేటప్పుడు పక్కింటి పెద్దాయన నా చేత చేయించి నేర్పినవి. ఒక పలకకి కింది అంచు తిన్నగా కోశానని విప్పించి మళ్ళీ కోయించాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది బయటికి కనబడనే కనబడదు. పలకల వెనక, అసలు గోడకి ముందు, వేలు పట్టేంత ఖాళీ ఉంటుంది. కిందా పైనా తెరిచే ఉంటుంది, గాలి ఆడుతుంది. పలకలు గొడుగులాంటివి. గొడుగు దాటి ఎంతో కొంత తడి వస్తుందని వీళ్ళు ముందే ఒప్పుకున్నారు. ఆ తడి ఆరడానికి గాలికి దారి విడిచిపెట్టారు.

ఆ దారి మూసేస్తే ఏమవుతుందో స్వీడన్ స్వయంగా అనుభవించింది. ఈ కథ తెలుసుకున్నాకే నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల వచ్చింది. 1930లో స్టాక్‌హోమ్‌లో ఒక పెద్ద ప్రదర్శన జరిగింది, గున్నార్ ఆస్‌ప్లుండ్ దానికి ముఖ్య ఆర్కిటెక్ట్. తెల్లగా, నున్నగా, డబ్బాల్లా ఉండే ఆధునిక భవనాలు స్వీడన్ మనసులో నాటుకున్నది ఆ ప్రదర్శనతోనే. ఆ తెల్ల నునుపు గోడ మీద మోజు తర్వాత కూడా పోలేదు. 1990ల్లో, 2000ల్లో కొత్త ఇళ్ళకు ఒక పద్ధతి బాగా వాడారు. లోపల ఎప్పటిలాగే చెక్క ఫ్రేము, దాని మీద నేరుగా థర్మోకోల్ లాంటి ఇన్సులేషన్, దాని మీద పల్చటి ప్లాస్టరు. మధ్యలో గాలి సందు లేదు. రాతి గోడల మీద, కాంక్రీటు గోడల మీద బాగానే పనిచేసే పద్ధతి అది, తడి చేరినా రాయి కుళ్ళదు. ఇక్కడ వెనక ఉన్నది చెక్క. కిటికీ మూలల్లో, బాల్కనీ అతుకుల్లో వెంట్రుకంత సందులోంచి వాన లోపలికి పోయింది, తిరిగి వచ్చే దారి లేక బూజు పట్టించింది. బయట గోడ తెల్లగా కొత్తగానే ఉంది. 2000ల రెండో సగంలో ఈ విషయం బయటపడ్డప్పుడు వేల కుటుంబాలు గోడలు తవ్వించుకుని చూసుకోవాల్సి వచ్చింది. కేసులు కోర్టులకెక్కాయి. 2015లో స్వీడన్ సుప్రీం కోర్టు అలా కట్టిన ఇళ్ళలో లోపం ఉన్నట్టేనని తీర్పు చెప్పింది.

చెక్క ఇళ్ళ గురించి వెయ్యేళ్ళ అనుభవం ఉన్న దేశం, ఒక ముఖం నచ్చి తెచ్చుకుంటే ఇంత నష్టపోయింది. మన దగ్గర ఇటుక గోడ మీద చెక్కలాంటి షీటు అతికించి, సిలికాన్‌తో సందులు మూసేసి, దానికి స్కాండినేవియన్ అని పేరు పెడుతున్నారు. ఇటుక కుళ్ళదు, నిజమే, మనకు అంత నష్టం రాదు. కానీ కోస్తా వానల్లో ఆ షీటు వెనక చేరిన చెమ్మ లోపలి గోడకి పాకి, పుట్టీ ఉబ్బి రాలుతుంది. అప్పుడు ఏ మూల విప్పి చూడాలో ఎవరికీ తెలియదు.

ఇక అద్దాల సంగతి. నాకు బాధ కలిగించింది అదే.

డిసెంబర్‌లో ఉప్సాలాలో పగలు ఆరు గంటల లోపే. నడిమధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో ఏడు డిగ్రీల ఎత్తుకి కూడా రాడు, చెట్ల కొమ్మల వెనకే అటూ ఇటూ తచ్చాడి వెళ్ళిపోతాడు. అలాంటి చోట వెలుతురంటే తిండితో సమానం. మా పాత ఇంటి కిటికీలు గోడ బయటి అంచుకు సమంగా బిగించి ఉంటాయి, గోడ మందమంతా లోపలి వైపుకే వస్తుంది. సన్‌షేడ్ ఉండదు. కిటికీ పక్క చెక్కలకు తెల్ల రంగు వేస్తారు, వచ్చిన కాస్త వెలుతురూ గోడకి తగిలి గదిలోకి చిమ్మాలని. జనవరిలో ఒక్క ఎండ పొడ కుర్చీ మీద పడితే ఆ కుర్చీలో కూర్చోవడానికి మా ఇంట్లో పోటీ. ఇప్పటి కొత్త ఇళ్ళ పెద్ద అద్దాలకు మూలం ఆ ఆకలి. అవి కూడా మూడు వరసల గాజుతో, లోపలి వేడి బయటికి పోకుండా పూతతో ఉంటాయి. లోపల వేడి నిలబెట్టడం కోసమే అంత ఖర్చూ.

తెనాలిలో డిసెంబర్‌లో కూడా మిట్టమధ్యాహ్నం సూర్యుడు యాభై డిగ్రీల ఎత్తులో ఉంటాడు. జూన్‌లో నడినెత్తికి వచ్చి, ఇంకా కాస్త ఉత్తరానికి కూడా జరుగుతాడు. మన ఇళ్ళకు వెలుతురు కరువు ఏనాడూ లేదు. మనం వెలుతురును వడకట్టుకుని లోపలికి రానిచ్చే జాతి. వసారా, చూరు, వెదురు తడికె, కిటికీకి వట్టివేళ్ళ తెర, ఇవన్నీ ఆ వడపోతలే. వేడిని లోపల పట్టి ఉంచడానికి పుట్టిన అద్దాన్ని తెచ్చి పడమటి గోడకి పెట్టుకుంటే, ఆ వేడిని బయటికి తోడడానికి ఏసీలు పెట్టుకోవాలి. చివరికి మందపాటి కర్టెన్లు వేసి ఏడాదిలో పది నెలలు మూసి ఉంచుకోవాలి. మూసి ఉంచే కిటికీకి అంత డబ్బెందుకు?

అసలు "స్కాండినేవియన్ ఇల్లు" అన్న ఒక్క ఇల్లు ఎక్కడుంది? డెన్మార్క్‌లో అడవులు ఎప్పుడో తరిగిపోయాయి, అక్కడ పాత ఇళ్ళు ఇటుకవీ గడ్డి కప్పువీ. నార్వే కొండల్లో కప్పు మీద బర్చ్ చెట్టు బెరడు వరసలు వరసలుగా పరిచి, దాని మీద పచ్చగడ్డి మట్టిపెళ్ళలు పేరుస్తారు. నీళ్ళను ఆపేది బెరడు, బెరడును కదలకుండా పట్టి ఉంచేది మట్టి బరువు. బొమ్మల్లో కనిపించే ఆ నలుపుకీ ఒక కథ ఉంది. పైన్ మొద్దులను గాలి సరిగా ఆడని గుంటలో మగ్గబెట్టి తీసే చెక్క తారు అది, రోడ్డు తారు కాదు. 1180 ప్రాంతంలో కట్టిన బోర్గుండ్ చెక్క చర్చి ఆ తారు పూతలతోనే ఇన్నేళ్ళు నిలిచింది. ఎండ కాసిన రోజు దాని గోడ దగ్గర నిలబడితే పొగ, జిగురు కలిసిన వాసన వస్తుంది. ఇన్ని తీర్లను ఒక్క పేరు కింద కట్టింది చాలావరకు అమ్మకాల ప్రచారం. 1954 నుంచి 1957 దాకా అమెరికా, కెనడాల్లో ఊరూరా తిరిగిన "డిజైన్ ఇన్ స్కాండినేవియా" ప్రదర్శన ఆ పేరును ప్రపంచానికి అలవాటు చేసిన వాటిలో ముఖ్యమైనది. అందులో తప్పేం లేదు. కానీ ఆ పేరు మీద ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

తమ్ముడు చివరికి అన్నాడు: "నువ్వు చల్లటి దేశంలో కూర్చుని, మమ్మల్ని మాత్రం పెంకుటింట్లోనే ఉండమంటావా అక్కా? కొత్తరకం కట్టుకోవాలనుకోవడం తప్పా?" ఆ మాట నన్ను గుచ్చింది. తప్పు కాదురా. నువ్వు కోరుకునే ఆ సాదాతనం, ఆ ప్రశాంతత నాకూ ఇష్టమే. స్టీలు రెయిలింగులూ మెరిసే టైల్సూ పిట్టగోడ మీద సిమెంటు పూలూ లేని ఇల్లు కావాలన్న నీ కోరిక చాలా మంచిది. అలాంటి ఇల్లు కట్టడానికి స్కాండినేవియా నుంచే గురువుల్ని వెతకాలంటే ఇద్దరిని చూపిస్తాను, చూడు అన్నాను.

మొదటివాడు యోర్న్ ఉట్సన్. సిడ్నీ ఓపెరా హౌస్ డిజైన్ చేసిన డెన్మార్క్ ఆర్కిటెక్ట్. 1950ల చివర హెల్సింగోర్‌లో మామూలు కుటుంబాల కోసం అరవై దాకా ఇళ్ళు కట్టాడు, కింగో ఇళ్ళంటారు. పసుపు ఇటుక. బయటికి దాదాపు ఖాళీ గోడ, ఇల్లు రెండు రెక్కలుగా మడిచి ఉంటుంది, మధ్యలో ఆకాశానికి తెరిచిన వాకిలి. చలిగాలి నుంచి కాపు, ఎండకు చోటు, ఇరుగుపొరుగు కళ్ళ నుంచి మరుగు. నేను వెళ్ళి చూసినప్పుడు మొదట గుర్తొచ్చింది మా అమ్మమ్మగారి మండువా లోగిలి. ఎలివేషన్ అనేదే లేని ఇళ్ళవి. ఆధునిక ఇళ్ళ చరిత్రలో వాటికున్న గౌరవం తక్కువది కాదు.

ఆ ఉట్సనే సిడ్నీ పని మధ్యలో 1966లో వదిలి వచ్చేశాక, స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో, సముద్రపు కొండ అంచున తన కుటుంబానికి ఇల్లు కట్టుకున్నాడు. పేరు కాన్ లిస్, భార్య లిస్ పేరు మీద. 1970ల మొదట్లో. అక్కడ ఎండ ఎక్కువ, సముద్రం మీద నుంచి కళ్ళు మిరుమిట్లు గొలిపే వెలుగు. డెన్మార్క్‌లో పుట్టి పెరిగినవాడు అక్కడ డెన్మార్క్ ఇల్లు కట్టలేదు. ఆ దీవిలో దొరికే లేత పసుపు రాతిని, రంపం కోసిన బండ కోసినట్టే వాడాడు. కప్పుకి స్థానికంగా అమ్మే కాంక్రీటు దూలాలే. కిటికీలను సముద్రం వైపుకి లోతైన రాతి గూళ్ళలాగా సాగదీసి, అద్దం ఫ్రేమును ఆ గూటి బయటి అంచున బిగించాడు. లోపల కూర్చున్నవాళ్ళకి ఫ్రేము కనబడదు, రాతి చట్రంలో సముద్రం ఒక్కటే కనిపిస్తుంది. నేరుగా ఎండ పడకుండా ఆ రాతి మందం ఆపుతుంది. హాల్లో పడమటి గోడకి బాగా ఎత్తున చిన్న సందు విడిచాడు. మధ్యాహ్నం దాటాక కాసేపు ఒక ఎండ చార దాంట్లోంచి దిగి, గోడ మీద పాకి, మాయమవుతుంది. ఉప్సాలాలో మా కుర్చీ మీద పడే ఎండ పొడ నాకు గుర్తొచ్చింది. వెలుతురు మీద అదే ప్రేమ, అక్కడ ఎండకు తగ్గట్టు మారింది. ఇంతచేసినా సముద్రపు మెరుపు కళ్ళకు ఎక్కువైందని, 1990ల్లో కొండవైపుకి జరిగి ఇంకో ఇల్లు కట్టుకున్నాడు. తన సొంత పనిని కూడా వెలుతురు ముందు పెట్టి ప్రశ్నించుకున్నాడు, అందుకే నాకాయనంటే అంత గౌరవం.

రెండోవాడు నార్వేకి చెందిన స్వెరె ఫెన్. 1962లో వెనిస్‌లో నార్డిక్ దేశాల ప్రదర్శనశాల కట్టాడు. ఇటలీ ఎండలో, ఉత్తర దేశాల నీడలేని మెత్తటి వెలుగులో గీసిన బొమ్మల్ని చూపించాలి. కప్పు మీద సన్నటి లోతైన కాంక్రీటు బద్దలు ఒక వరస, వాటి మీద అడ్డంగా ఇంకో వరస. ఎండ వాటి మధ్య తగిలి తగిలి మెత్తబడి కిందికి దిగుతుంది. స్థలంలో ఉన్న చెట్లను కొట్టలేదు, కప్పులోంచి పైకి పోనిచ్చాడు. వేడి దేశంలో స్కాండినేవియన్ అన్న మాటకి నాకు తెలిసి అంతకంటే మంచి జవాబు లేదు. అందులో నిటారు కప్పూ లేదు, నల్ల షీటూ లేదు.

నిటారు కప్పే కావాలంటే మన దగ్గరా ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్ళు చూసినవాళ్ళకి తెలుసు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద శంకువులా తాటాకు కప్పు, దాదాపు నేల దాకా దిగే చూరు. ఇక్కడ స్వీడన్‌లో కప్పు ఏటవాలుగా ఉండేది మంచు బరువుకి, అక్కడ తుపాను గాలికి, కుంభవృష్టికి. గాలికి మూల దొరకదు, చుట్టూ తిరిగి పోతుంది. నాలుగు వేల మైళ్ళకు పైగా దూరంలో ఉన్న ఇద్దరు పల్లెటూరి మనుషులు వాళ్ళ వాళ్ళ ఆకాశాన్ని చూసి కప్పు వంచారు. మా తమ్ముడి ఎలివేషన్‌లో కప్పు ఏటవాలు కింద ఉన్నది మామూలు చదును స్లాబే, పైన తొడిగింది రేకు. చూరు లేదు కాబట్టి వాన నేరుగా గోడ మీదికే జారుతుంది. ఈ చూరు లేని ఇళ్ళు ఇక్కడ స్వీడన్‌లో కూడా కొత్త ఫ్యాషనే, మా పక్కింటి పెద్దాయన వాటిని చూసి "గోడకి టోపీ లేదు" అని బాధపడతాడు.

కాబట్టి తమ్ముడికి నేను అడిగినవి ఇవి. పడమటి వైపు అద్దం తీసేసి, ఆ చోట ఎనిమిదడుగుల వసారా పెట్టు. పడమటి ఎండ వాలుగా వస్తుంది, సన్‌షేడ్ ఎంత పొడుగు పెట్టినా పూర్తిగా ఆగదు, అందుకే వసారా ముందు నిలువు బద్దలో, ఇటుక జాలీనో కావాలి. అద్దం ఎంత కావాలంటే అంత ఉత్తరం వైపు పెట్టుకో. గోడకి సున్నం రంగు, లేదా లేతగా ఏదైనా. నేలకి బేతంచెర్ల బండలు, పాలిష్ తక్కువగా. ఒక్క రాయి, ఒక్క చెక్క, ఒక్క రంగు. ఇల్లంతా అంతే ఉంచు. అమ్మ కూర్చోవడానికి వసారాలో ఒక అరుగు. ఇవన్నీ కలిపి ఆ షీటు ఖర్చులో వస్తాయో రావో మేస్త్రీని లెక్కకట్టమను.

వాడు వెంటనే ఒప్పుకోలేదు. డిజైనర్‌కి అడ్వాన్సు ఇచ్చాడు, మరదలికి ఆ అద్దం చాలా నచ్చింది, చుట్టాలందరికీ బొమ్మ చూపించేశారు. ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. నేను పట్టుబట్టింది ఒక్కటే: మే నెలలో ఒక రోజు సాయంత్రం నాలుగింటికి, ఆ అద్దం రావాల్సిన చోట కుర్చీ వేసుకుని అరగంట కూర్చో, తర్వాత నీ ఇష్టం.

నిన్న ఫోటో పంపాడు. కట్టని గోడ చోట ప్లాస్టిక్ కుర్చీ, ముందు నేలంతా తెల్లటి ఎండ, పిల్లర్ నీడ ఒక్కటే సన్నగా కుర్చీ పక్కకి పడింది. కుర్చీని ఆ నీడలోకి లాక్కున్నట్టు ఇసుకలో గీత ఉంది. కింద రాశాడు: "మేస్త్రీతో మాట్లాడా. వసారాకి బీమ్ ఇప్పుడైనా దింపొచ్చంట. అద్దం సంగతి మీ మరదలితో నువ్వే మాట్లాడు." ఈ ఆదివారం ఫోన్ చేస్తానని చెప్పాను. మాట్లాడేటప్పుడు చూపించడానికి కాన్ లిస్ ఫోటోలు నాలుగు, అమ్మమ్మగారి లోగిలిలో తీసిన మా చిన్నప్పటి ఫోటో ఒకటి తీసి పెట్టుకున్నాను.